ఇంటి వైఫై, కంప్యూటర్, ఫోన్: ఒక్క ఆదివారంలో భద్రం చేసుకోవడం ఎలా

పలాస-కాశీబుగ్గలో కంప్యూటర్లు బాగుచేయడం నా పని. జీడిపప్పు వ్యాపారుల ట్యాలీ సిస్టమ్‌ల నుంచి ఇళ్లలో వైఫై డబ్బాల (రౌటర్ల) దాకా అన్నీ చూస్తాను. రోజుకు ఒక్కరైనా అడిగే ప్రశ్న ఒకటుంది: "మంచి యాంటీవైరస్ ఏదో చెప్పండి బాబూ, అది వేసీస్తే పనైపోద్ది కదా?"

పనైపోదు. నా దగ్గరికి ఏడుస్తూ వచ్చినవాళ్లలో చాలామంది సిస్టమ్‌లో యాంటీవైరస్ ఉంది. లేనివి వేరే: వైఫై డబ్బాకి పాస్‌వర్డ్ మార్చలేదు, బ్యాకప్ తీయలేదు, వాట్సాప్‌లో వచ్చిన ఫైల్‌ని నొక్కేశారు. అందుకే ప్రతివాళ్లకీ విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఆదివారం భోజనాలయ్యాక మొదలుపెడితే టీ వేళకి చాలావరకు అయిపోతుంది. చేసిన ప్రతి పనినీ అక్కడికక్కడే పరీక్షించుకోండి. తాళం వేసి లాగి చూడకుండా ఎవరూ ఊరెళ్లరు కదా, ఇదీ అంతే.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి:

- ఒక నోట్‌బుక్, పెన్ను
- ఇంట్లో అందరి ఫోన్లు, చార్జింగ్‌తో
- కంప్యూటర్ లేదా ల్యాప్‌టాప్ ఉంటే అది
- ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్. ఫైళ్లు తక్కువైతే 64 జీబీ పెన్‌డ్రైవ్ చాలు
- ఆధార్‌కి లింకైన నంబరు ఉన్న ఫోన్

నోట్‌బుక్ అనగానే కొందరు నవ్వుతారు. పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదని ఎక్కడో చదివి ఉంటారు. ఆఫీసు టేబుల్ మీదైతే నిజమే. ఇంట్లో బీరువాలో ఉండే పుస్తకాన్ని ఎక్కడో దూరాన కూర్చున్న దొంగ చదవలేడు. మరి వీళ్లే ఏం చేస్తారంటే, ఫోన్ కాంటాక్ట్స్‌లో "ఏటీఎం" అని పేరు పెట్టి నాలుగంకెల పిన్ దాచుకుంటారు. బాగుచేయడానికి ఇచ్చిన ఫోన్లలో ఇలాంటివి ఎన్ని చూశానో లెక్కలేదు. ఇది చదువుతూనే మీరూ ఒకసారి కాంటాక్ట్స్ తెరిచి వెతకండి. ఉంటే తీసేసి, పిన్ కూడా మార్చండి.

1. ముందు ఈమెయిల్

దీనితోనే ఎందుకు మొదలుపెట్టాలంటే, మిగతా అన్నిటి "ఫర్‌గాట్ పాస్‌వర్డ్" లింకులు వచ్చి పడేది ఇందులోనే. జీమెయిల్ దొంగ చేతికి చిక్కితే మిగతా అకౌంట్లు ఒక్కొక్కటిగా వాడి చేతిలోకి పోతాయి.

పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు తీసుకుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి, మధ్యలో ఒక అంకె పెట్టండి. గొడుగు, రైలు, ఉప్పు, అరుగు, ఇలాగ. (ఈ నాలుగూ మాత్రం వాడకండి, ఇప్పుడు అందరూ చదివేశారు.) పిల్లల పేరు, పుట్టిన సంవత్సరం, ఫోన్ నంబరు, పలాస123, ఇవన్నీ దొంగ మొదట్లోనే ప్రయత్నించేవి. ఈ పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడొద్దు. ఎక్కడో ఒక షాపింగ్ సైట్ నుంచి పాస్‌వర్డ్‌లు బయటికి పొక్కితే, అవే తీసుకెళ్లి జీమెయిల్‌లో కొట్టి చూస్తారు.

తర్వాత గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీలోకి వెళ్లి టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టాక ఇంకో కోడ్ కూడా అడిగేది) ఆన్ చేయండి. ఎస్ఎంఎస్ ఓటీపీ కంటే అథెంటికేటర్ యాప్ (ఆ కోడ్‌ని ఫోన్‌లోనే చూపించేది) మేలు. అది చేతకాకపోతే ఎస్ఎంఎస్ పెట్టుకోండి, అసలు పెట్టనిదానికంటే నయం. అక్కడే బ్యాకప్ కోడ్‌లు పది ఇస్తుంది. వాటిని నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫోన్ పోయిన రోజున లోపలికి వెళ్లేది వాటితోనే.

చూసుకోండి: అదే పేజీలో "యువర్ డివైసెస్" అని ఉంటుంది. అందులో మీవి కాని పేర్లుంటే సైన్ అవుట్ కొట్టండి. డీఎస్సీకి అప్లై చేయడానికో, ఆధార్ ప్రింట్ తీయించుకోవడానికో నెట్ సెంటర్‌లో జీమెయిల్ తెరిచి అలాగే లేచొచ్చేసినవాళ్లు ఎందరో. ఒకసారి ఒక అబ్బాయి లిస్టులో మూడు నెట్ సెంటర్ల సిస్టమ్‌లు దొరికాయి, ఒకటి టెక్కలిది. అన్నిట్లోనూ అతని మెయిల్ తెరిచే ఉంది.

2. వైఫై డబ్బా

అందరూ తప్పుచేసేది ఇక్కడే. అందుకే కాస్త నెమ్మదిగా చదవండి.

ఏపీ ఫైబర్‌నెట్ కానివ్వండి, బీఎస్ఎన్ఎల్ కానివ్వండి, ఇంకొకటి కానివ్వండి, డబ్బా కింద ఒక స్టిక్కర్ ఉంటుంది. దానికి ముందు ఫోటో తీయండి. దానిమీద సాధారణంగా రెండు వేర్వేరు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఒకటి వైఫైకి కలవడానికి. రెండోది డబ్బా సెట్టింగ్స్ లోపలికి వెళ్లడానికి, దీన్నే అడ్మిన్ పాస్‌వర్డ్ అంటారు. జనం మొదటిది మార్చి చేతులు దులిపేసుకుంటారు. రెండోది "అడ్మిన్, అడ్మిన్" అనే ఉండిపోతుంది. వీధి తలుపుకి కొత్త తాళం వేసి పెరటి తలుపు తీసి పెట్టినట్టు.

లోపలికి వెళ్లడానికి వైఫైకి కలిసి ఉన్న ఫోన్ లేదా కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి, పైన అడ్రస్ గీతలో 192.168.1.1 కొట్టండి. రాకపోతే 192.168.0.1 కొట్టండి. అదీ కాకపోతే స్టిక్కర్ మీద ఏది రాసి ఉంటే అది. గూగుల్ వెతుకులాట పెట్టెలో కొట్టొద్దు, సంబంధం లేని సైట్లన్నీ వచ్చి పడతాయి. అంకెల మధ్య చుక్కలే ఉండాలి, కామాలు కాదు.

లోపల చేయాల్సినవి ఇవి:

- అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి నోట్‌బుక్‌లో రాయండి.
- వైఫై పాస్‌వర్డ్ మార్చండి. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2 పెట్టండి. డబ్ల్యూఈపీ అని ఉంటే అది పాతకాలపు తాళం, ఎప్పుడో విరిగిపోయింది.
- డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపేది) ఆఫ్ చేయండి. అందులోని ఎనిమిదంకెల పిన్‌ని తేలిగ్గా కనిపెట్టవచ్చని 2011లోనే తేలింది.
- రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి డబ్బా సెట్టింగ్స్ మార్చనిచ్చేది) అని కనిపిస్తే ఆఫ్.
- గెస్ట్ నెట్‌వర్క్ (అదే డబ్బా నుంచి వచ్చే వేరే వైఫై) ఉంటే ఆన్ చేసి చుట్టాలకి అది ఇవ్వండి. వైఫైతో నడిచే కెమెరాలు, స్మార్ట్ టీవీ కూడా అందులోనే ఉంటే మంచిది.

జాగ్రత్త: వ్యాన్, వీల్యాన్, పీపీపీఓఈ అని రాసి ఉన్న పేజీల జోలికి వెళ్లకండి. డబ్బా వెనక సూదిబెజ్జంలో ఉండే రీసెట్ బటన్ కూడా నొక్కకండి. నేను పనిలో చేరిన కొత్తలో ఒక దుకాణంలో పాస్‌వర్డ్ మర్చిపోయారంటే, తెలివి చూపిద్దామని పిన్నీసుతో నొక్కేశాను. పాస్‌వర్డ్‌తో పాటు నెట్ సెట్టింగ్స్ కూడా తుడిచిపెట్టుకుపోయాయి. అది శనివారం సాయంత్రం. కేబుల్ ఆపరేటర్ సోమవారం మధ్యాహ్నానికి గానీ రాలేదు. ఆ రెండు రోజులూ కార్డు మిషన్ లేక ఆ షావుకారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. అడ్మిన్ పాస్‌వర్డ్ తెలియకపోయినా, మీ ఆపరేటర్ దాన్ని మార్చనివ్వకపోయినా ఫోన్ చేసి అడగండి. వాళ్లు కూర్చున్న చోటి నుంచే మార్చగలరు.

పాస్‌వర్డ్ మార్చగానే ఇంట్లో ప్రతి ఫోన్, టీవీ, ప్రింటర్ ఒక్కసారే ఊడిపోతాయి. కంగారు పడొద్దు, అలా ఊడాలి. పిల్లలు ఆన్‌లైన్ పరీక్ష రాస్తున్నప్పుడు మాత్రం చేయకండి.

చూసుకోండి: ఒక ఫోన్‌లో పాత పాస్‌వర్డ్ కొట్టండి, కలవకూడదు. తర్వాత డబ్బా పేజీలో "కనెక్టెడ్ డివైసెస్" తెరిచి లెక్కపెట్టండి. మా ఇంట్లో తొమ్మిది ఉండాలి, మొదటిసారి చూస్తే పదకొండు ఉన్నాయి. ఒకటి పై వాటాలో అద్దెకున్నవాళ్ల అబ్బాయిది. రెండోది గంటసేపు బుర్ర తినేసింది. ఏమిటా అని చూస్తే మా నాన్న ఎప్పుడో అటక మీద పెట్టించిన కెమెరా రికార్డర్. ఎవరూ చూడని, ఎవరికీ గుర్తులేని, పాస్‌వర్డ్ మార్చని పెట్టె. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా పట్టుకుంది సరిగ్గా ఇలాంటి కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లనే, అదీ ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లు కొట్టి చూసి. మీ కెమెరా పెట్టినాయన పాస్‌వర్డ్ ఏం పెట్టాడో ఇవాళే అడిగి మార్చండి.

3. కంప్యూటర్

విండోస్ అప్‌డేట్‌ను ఆపేయకండి. "నెట్ అంతా తినేస్తోంది" అని ఆపించుకునేవాళ్లు ఉన్నారు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ వచ్చి ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బడిగింది. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చేసింది. వేసుకున్నవాళ్లకి ఏమీ కాలేదు.

విండోస్ 10కి మామూలు అప్‌డేట్‌లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. 11కి మారగలిగే మెషీన్ అయితే మారండి. మారలేని పాతదైతే దానిలో బ్యాంకు పనులు చేయొద్దు. లెక్కలకి, టైపింగ్‌కి వాడుకోండి.

ఇక ఆ యాంటీవైరస్ ప్రశ్న. విండోస్‌తో పాటు వచ్చే విండోస్ సెక్యూరిటీ ఇంటికి చాలు. దానికి ఆకుపచ్చ టిక్ ఉందో లేదో చూసుకోండి. రెండు మూడు యాంటీవైరస్‌లు కలిపి వేస్తే అవి ఒకదాన్నొకటి దొంగ అనుకుని కొట్టుకుంటాయి, సిస్టమ్ నత్తనడక నడుస్తుంది. క్రాక్ (డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ) సాఫ్ట్‌వేర్ వేసేటప్పుడు "ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి" అని రాసి ఉంటుంది చూశారా? దొంగే వచ్చి కుక్కని కట్టేయమంటున్నాడన్నమాట.

ఇంకొక్క పని చేస్తే సగం గొడవ తప్పుతుంది. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌లోకి వెళ్లి ఇంకో యూజర్‌ను చేర్చండి, రకం స్టాండర్డ్ యూజర్ అని పెట్టండి. రోజూ అందులోనే పని చేయండి. అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌ను ఏదైనా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రమే వాడండి. మీకు తెలియకుండా ఏదైనా లోపలికి దూరబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది, మీరు ఆగుతారు.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టండి. అప్పుడు "బిల్లు.పీడీఎఫ్" అనుకున్నది నిజానికి "బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్ఈ" అని బయటపడుతుంది. ఈఎక్స్ఈ అంటే కాగితం కాదు, ప్రోగ్రామ్. అలాంటిది కనిపిస్తే తెరవకుండా తీసేయండి.

చూసుకోండి: స్టాండర్డ్ యూజర్‌లో ఉండి ఏదైనా సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయబోండి. పాస్‌వర్డ్ అడగకుండా వేసుకుంటూ పోతే, ఆ అకౌంట్ ఇంకా అడ్మినిస్ట్రేటర్‌గానే ఉందేమో మళ్లీ చూడండి. కొన్ని బ్రౌజర్ల లాంటివి మాత్రం అడగకుండానే ఎక్కుతాయి, రెండు మూడింటితో చూసుకుంటే తెలుస్తుంది.

4. బ్యాకప్

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా మీదే తీరం దాటింది. కొబ్బరి చెట్లు, జీడి తోటలు పోయిన సంగతి అందరికీ తెలుసు. కరెంటు వచ్చాక నా దుకాణానికి వచ్చిన మొదటి మెషీన్ ఒక జీడిపప్పు వ్యాపారిది. పైకప్పు రేకు లేచిపోయి సీపీయూలోకి నీళ్లు దిగాయి. "బ్యాకప్ ఉందాండీ?" అంటే ధీమాగా "ఉందయ్యా" అన్నారు. చూస్తే పెన్‌డ్రైవ్ ఆ సీపీయూకే గుచ్చి ఉంది. రెండూ కలిసి తడిశాయి. పెన్‌డ్రైవ్ బతకలేదు, హార్డ్‌డిస్క్ నుంచి కొంత లాగగలిగాను. ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఆయన గుర్తున్నంత మేరకు కాగితం మీద మళ్లీ రాసుకున్నారు.

కాబట్టి:

- కాపీ చేయగానే డిస్క్ పీకేయండి. గుచ్చి ఉంచితే తుఫానే కాదు, వాన్నాక్రై లాంటివి కూడా దాన్ని కలిపే తాళం వేస్తాయి.
- వేరే ఇంట్లో పెట్టండి. కూతురి ఇంట్లోనో, తమ్ముడి ఇంట్లోనో.
- ఇంటి ఫోటోలకి, కాగితాలకి గూగుల్ డ్రైవ్‌లో 15 జీబీ ఉచితం. అది నిండితే మెయిల్స్ రావడం కూడా ఆగిపోతుందని గుర్తుంచుకోండి.
- దుకాణం లెక్కలైతే వారానికోసారి, ఇంటివి నెలకోసారి.

చూసుకోండి: వేరే కంప్యూటర్‌కి ఆ డిస్క్ పెట్టి రెండు మూడు ఫైళ్లు తెరవండి. కాపీ అయిన ఫైల్ పేరు కనిపిస్తే చాలదు, లోపల లెక్కలు కనిపించాలి. ఫైళ్లకి బదులు షార్ట్‌కట్‌లు కాపీ చేసుకుని ఏడాదిపాటు నిశ్చింతగా ఉన్నవాళ్లు నాకు తెలుసు.

5. ఫోన్

ఇప్పుడు డబ్బు పోయేది ఎక్కువగా దీంట్లోంచే. తెలిసినవాళ్ల నంబరు నుంచే శుభలేఖ వస్తుంది, ఫైల్ పేరు చివర "ఏపీకే" అని ఉంటుంది. ట్రాఫిక్ చలానా అంటూ ఒకటి, పీఎం కిసాన్ అంటూ ఒకటి, ఇలాగే వస్తాయి. శుభలేఖ అంటే ఫోటో, లేదా వీడియో, లేదా పీడీఎఫ్. ఏపీకే అంటే యాప్. పెళ్లికి పిలవడానికి ఎవరూ యాప్ పంపరు. అది ఎక్కిందంటే మీ ఎస్ఎంఎస్‌లు చదువుతుంది, ఓటీపీలు దొంగకి పంపుతుంది, మీ వాట్సాప్ నుంచి అదే శుభలేఖని మీ చుట్టాలందరికీ పంచుతుంది.

ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" అని కొట్టండి. వాట్సాప్, క్రోమ్, ఫైల్స్, అన్నిటికీ "నాట్ అలౌడ్" అని ఉండాలి. తర్వాత ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ (చెడ్డ యాప్‌లను పట్టేది) ఆన్‌లో ఉందో చూడండి.

వాట్సాప్‌లో సెట్టింగ్స్, అకౌంట్, టూ-స్టెప్ వెరిఫికేషన్. ఆరంకెల పిన్ పెట్టండి. "లింక్డ్ డివైసెస్"లో మీది కానిది ఏదున్నా లాగ్ అవుట్ చేయండి. జిరాక్స్ షాపులో ప్రింట్ కోసం కలిపినవి ఇక్కడ తేలతాయి.

డయల్ ప్యాడ్‌లో *#21# కొట్టండి. మీ కాల్స్ ఎవరికైనా ఫార్వర్డ్ అవుతున్నాయేమో చూపిస్తుంది. తెలియని నంబరు కనిపిస్తే ##002# కొడితే అన్ని ఫార్వర్డింగులూ పోతాయి. ఎవరైనా ఫోన్ చేసి "కొరియర్ వచ్చింది, *21* అని మొదలయ్యే ఈ నంబరు కొట్టండి" అంటే కొట్టొద్దు. కొడితే బ్యాంకు మీకు చేసే ఫోన్ వాడికి వెళ్తుంది.

ఇంట్లో పెద్దవాళ్లకి మూడే మాటలు చెప్పండి. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. "మీకు సాయం చేస్తాం, ఎనీడెస్క్ వేసుకోండి" అన్నవాడు దొంగ, అది మీ ఫోన్‌ని వాడి చేతికిచ్చే యాప్. వీడియో కాల్‌లో అరెస్టు చేసే పోలీసు మన చట్టంలో లేడు. మా పిన్ని ఒకసారి "ఏటో నంబరడిగినాడు నాన్నా, సెప్పీసినాను" అని మామూలుగా చెప్పింది, కూర వండుతూ. అదృష్టం బాగుండి ఆ అకౌంట్‌లో గ్యాస్ సబ్సిడీ తప్ప ఏమీ లేదు. చెప్పినందుకు తిట్టకండి. తిడితే రెండోసారి జరిగినప్పుడు మీకు చెప్పరు.

6. వేలిముద్ర

ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు, ఊళ్లో చిన్న మిషన్ మీద డబ్బు తీయొచ్చు. దొంగ వేలిముద్రలు తయారుచేసి అలా తీసేసిన కేసులు దేశంలో చాలా ఉన్నాయి. ఆపడానికి ఆధార్ వాళ్ల సొంత యాప్‌లో గానీ, మైఆధార్ సైట్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ పెట్టుకోవచ్చు. ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరుకి ఓటీపీ వస్తుంది.

పెట్టేముందు ఆలోచించండి. లాక్ ఉంటే ఒకటో తారీఖున పెన్షన్ పట్టుకుని సచివాలయం వాళ్లు వచ్చినప్పుడు వేలిముద్ర పడదు. రేషన్ దగ్గరా అంతే. ముందుగా అన్‌లాక్ చేసుకోవాలి. అది చేతనైనవాళ్లు లాక్ పెట్టుకోండి. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకైతే నేను పెట్టమనను. వాళ్ల పెద్ద మొత్తాలను ఆధార్‌తో డబ్బు తీయలేని అకౌంట్‌కి మార్చడం మేలు. బ్యాంకుకి వెళ్లి ఆధార్ ద్వారా డబ్బు తీయడాన్ని ఆపమని అడగండి.

చూసుకోండి: లాక్ పడ్డాక ఎక్కడైనా వేలు పెడితే 330 అనే ఎర్రర్ రావాలి.

7. మీ పేరున సిమ్‌లు

కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ సైట్‌లో మీ నంబరుతో లాగిన్ అయితే మీ పేరున ఎన్ని నంబర్లు ఉన్నాయో కనిపిస్తుంది. మీవి కానివాటిని అక్కడే "నాట్ మై నంబర్" అని రిపోర్ట్ చేయండి. కొడుకు చెన్నైలోనో గుజరాత్‌లోనో వాడుతున్న సిమ్ మీ పేరున ఉండొచ్చు, కొట్టేముందు ఇంట్లో అడగండి. ఫోన్ పోతే బ్లాక్ చేయించేదీ ఈ సైట్‌లోనే.

డబ్బు పోయిందని తెలిస్తే

అనుమానం వచ్చిన ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆఫ్ చేయండి. ఇంకో ఫోన్ నుంచి 1930కి చేయండి. డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి దూకేలోగా ఆపించడానికే ఆ నంబరు. అందుకే "రేపు పొద్దున్న బ్యాంకుకి వెళ్లి అడుగుదాం" అనుకోకండి. మీ అకౌంట్ ఉన్న బ్యాంకు, డబ్బు పోయిన సమయం, మొత్తం, ట్రాన్సాక్షన్ నంబరు దగ్గర పెట్టుకుని చేయండి, అవే అడుగుతారు. వెంటనే బ్యాంకు కస్టమర్ కేర్‌కీ చెప్పండి. ఆ నంబరు గూగుల్‌లో వెతక్కండి, కార్డు వెనకో పాస్‌బుక్ మీదో ఉన్నదే వాడండి. మీ తప్పు లేకుండా పోయిన డబ్బు సంగతి మూడు పని దినాల్లోపు బ్యాంకుకి చెబితే ఆ నష్టం మీది కాదని 2017లో రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకి చెప్పేదాకా పోయిన నష్టం మీరే భరించాలి. అందులోనూ తొందరపడాల్సిందే.

ఏదీ డిలీట్ చేయకండి, ఆ ఏపీకే కూడా. స్క్రీన్‌షాట్‌లు తీసి, నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తిచేసి, దాని నంబరు నోట్‌బుక్‌లో రాసుకోండి. పోలీస్ స్టేషన్‌కి వెళ్లినప్పుడు ముందు ఆ నంబరే చూపించాలి. "మీ డబ్బు వెనక్కి ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని వారం రోజుల్లో ఇంకెవరో ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ పెట్టేసి, ఆ నంబరు కూడా అదే ఫిర్యాదులో కలపండి.